బొంగురు గొంతు బార్బరమ్మ

"బ్రేక్ వెయ్యి బావా! బ్రేక్!"

ఒరెస్తె వేస్తాడు. సగమే పడుతుంది. ఈ మూడు చక్రాల డొక్కు బండికి బ్రేకులు సగమే పడతాయని క్వారీలో అందరికీ తెలుసు.

మలుపు మీదికి దూసుకొస్తోంది...

ఎడమపక్క పాలరాతి కొండ. కుడిపక్క ఏమీ లేదు. మూడొందల అడుగుల కింద వాగు దాకా ఏమీ లేదు!

హ్యాండిల్ మొత్తం తిప్పేస్తాడు. వెనక తొట్టిలో గునపాలు గలగలమంటూ ఒక పక్కకి జారిపోతాయి. ఒక చక్రం గాల్లోకి లేస్తుంది.

ఒక క్షణం...

రెండు క్షణాలు...

దభీమని దిగుతుంది. బతికిపోయారు.

"నన్ను చంపేస్తావా ఏంటి?" తాత్సియో డోరు పట్టుకుని వేలాడుతున్నాడు. ఒరెస్తె భార్యకి తమ్ముడు వాడు. ముప్పయ్యేళ్ళుంటాయి. వాడికి నోరు తప్ప ఇంకేదీ పనిచెయ్యదని వాళ్ళక్కే అంటుంది.

"నోరు మూసుకుని లారీ ఎక్కడుందో చూడు."

"ఈ మబ్బులో ఏం కనపడుతుంది? నా మొహం నాకే కనపడటం లేదు."

"అదొక అదృష్టం అనుకో."

మధ్యాహ్నం మూడు దాటింది. డిసెంబర్ మూడో తారీఖు. సముద్రం మీంచి లేచిన మబ్బు కరారా పాలరాతి క్వారీల మీద దిగి కూర్చుంది. పది గజాల అవతల ఏముందో తెలియదు.

"అదిగో!" తాత్సియో అరుస్తాడు.

రెండు మలుపుల కింద... రెండు ఎర్ర లైట్లు.

లారీ!

లారీలో చెక్కపెట్టె. పెట్టెలో బార్బరమ్మ. ఆరొందల ఏళ్ళుగా వాల్దోర్నా ఊరి పొలిమేర దాటని పాలరాతి బార్బరమ్మ... ఆరింటికి రేవులో ఓడెక్కేస్తుంది.

రేపు ఆమె పండగ. రేపు పొద్దున ఊరంతా చర్చి ముందు నిలబడి ఒకే ఒక్క మనిషిని నిలదీస్తుంది. 'అమ్మ ఏదిరా?' అని.

ఆ మనిషి ఒరెస్తె. చర్చి తాళంచెవి అతని మెడలోనే ఉంది.

*

అంతకు అరగంట ముందు...

వాల్దోర్నాలో చర్చి తాళం ఫాదర్ దగ్గర ఉండదు. క్వారీవాళ్ళ దగ్గర ఉంటుంది. క్వారీవాళ్ళకి దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు. ఫాదర్ మీద అసలే లేదు. కానీ బార్బరమ్మ సంగతి వేరు. పునీతురాలే అయినా ఆమె రాళ్ళు పగలగొట్టేవాళ్ళ మనిషి. ఏడాదికొకణ్ణి ఎన్నుకుని, చర్చి తాళంచెవి వాడి మెడలో వేస్తారు. క్వారీ శంఖం వాడి బండిలో పెడతారు. ఈ ఏడాది కోసం ఒరెస్తె ఇరవై రెండేళ్ళు ఎదురుచూశాడు.

షిఫ్టువాళ్ళు చీకటితోనే పాదం తాకి పోయారు. పండగకి దుమ్ము దులుపుదామని ఒక్కడే లోపలికెళ్ళాడు.

బార్బరమ్మ మామూలుగానే నిలబడి ఉంది. మూడడుగుల మనిషి. చేతిలో చిన్న బురుజు. ముక్కు కొస అరిగింది. కుడికాలి బొటనవేలు దాదాపు లేనట్టే. షిఫ్టుకెళ్ళే ప్రతివాడూ తాకీ తాకీ అరగదీశారు.

ఒరెస్తె పాదం తాకాడు. తర్వాత వేలి కణుపుతో భుజం మీద ఒక్కటి కొట్టాడు.

అదీ అలవాటే. క్వారీలో పుట్టినవాడు రాయి కనపడితే కొట్టకుండా ఉండలేడు. మంచి రాయి గంటలా మోగుతుంది. లోపల చీలిక ఉన్న రాయి మోగదు. బార్బరమ్మ ఎప్పుడో భూకంపంలో కిందపడింది. లోపల చీలింది. కొడితే పాత తలుపు మీద కొట్టినట్టు 'ధబ్' అంటుంది. "మన దుమ్ము మింగీ మింగీ అమ్మ గొంతు కూడా బొంగురుపోయింది" అని ముసలాళ్ళు దగ్గుకుంటూ నవ్వుతారు.

ఠంగ్!

ఒరెస్తె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మళ్ళీ కొట్టాడు. ఠంగ్!

అదే బురుజు. అదే ముక్కు. అరిగిన బొటనవేలు కూడా అచ్చం అదే. కానీ గొంతు మాత్రం పదహారేళ్ళ పిల్లది!

అతనికి వెంటనే అర్థమైంది. అర్జెంటీనా వెళ్ళి స్థిరపడిన వాల్దోర్నా వాళ్ళు తమ చర్చికి ఒక బార్బరమ్మ కావాలని అడిగారు. ముసలి శిల్పి ఎజిస్తో ఏడాదిపాటు కూర్చుని చెక్కాడు. ఎజిస్తో చెడ్డ రాయి ముట్టుకోడు. కొండలోకెల్లా మేలైన రాయి ఏరి తెచ్చుకున్నాడు. ఆ విగ్రహం ఇవాళ పెట్టెలో ఓడకి వెళ్ళాలి.

అది ఇక్కడ నిలబడి ఉంది!

మరి పెట్టెలో ఎవరున్నారు?

కాళ్ళ కింద నేల జారింది. వంగి వేలితో రాసి వాసన చూశాడు. సబ్బు. చెక్కలకి సబ్బు రాసి, వాటి మీద రాయిని జార్చడం తాతలనాటి క్వారీ పద్ధతి. బయటివాళ్ళకి అది చేతకాదు.

అంటే దొంగ ఊరివాడే.

ఒరెస్తె బయటికి పరిగెత్తాడు. చర్చి మెట్ల మీద తాత్సియో కూర్చుని సిగరెట్ కాలుస్తున్నాడు.

"ఒరేయ్, అమ్మని మార్చేశారు! లోపలున్నది ఎజిస్తో చెక్కింది!"

తాత్సియో సిగరెట్ కింద పడేశాడు. మొహంలో రక్తం లేదు. "నీకెలా... రేపటిదాకా ఎవరూ..." అని ఆగాడు. తర్వాత ఎగిరి నిలబడ్డాడు. "పెట్టె! అర్జెంటీనా పెట్టె! లారీ ఇప్పుడే బయల్దేరింది బావా!"

"ఊరివాళ్ళని పిలుద్దాం పద."

"పిచ్చా నీకు? తాళం నీ మెడలో ఉంది. మొదట నిన్నే చితక్కొడతారు. ముందు లారీని పట్టుకుందాం. నేను దారిలో పోలీసులకి ఫోన్ చేస్తా."

నిజమే అనిపించింది ఒరెస్తెకి. బావమరిది చెబితే ఎందుకు నిజం కాదు?

*

"ఫోన్ చేశావా?"

"చేశా. కింద వంతెన దగ్గరికి వస్తామన్నారు. నువ్వు రోడ్డు చూడు!"

ముందు తెల్లగా ఏదో అడ్డం వస్తుంది. ఒరెస్తె హారన్ మీద చెయ్యి తీయడు.

వ్యాన్! రొట్టెల వ్యాన్!

ఇల్డా.

ఒరెస్తె భార్య. రోజూ క్వారీ క్యాంటీన్లకి రొట్టెలు వేసి, ఈ టైంకి ఖాళీ ట్రేలతో కిందికి దిగుతుంది. హారన్ విని వ్యాన్ పక్కకి తీస్తుంది. అద్దం దించుతుంది.

"ఏమైంది? ఇద్దరూ ఇలా ఎక్కడికి?"

"అమ్మని ఎత్తుకుపోతున్నారు ఇల్డా! ఆ లారీలో!"

ఇల్డా మొహం పాలిపోతుంది. తమ్ముడి వైపు చూస్తుంది. వాడు తల తిప్పుకుంటాడు.

"తాత్సియో," అంటుంది మెల్లగా. "ఆయనకి ఏమైనా అయిందో... నిన్ను నేను బతకనివ్వను. వింటున్నావా?"

"వింటున్నా అక్కా."

ఒరెస్తెకి గుండె నిండిపోతుంది. పధ్నాలుగేళ్ళ కాపురం. ఇప్పటికీ ఇంత భయం తనకోసం! "ఇంటికెళ్ళు. నేను వచ్చేస్తా!" అని అరిచి గేరు మారుస్తాడు.

వ్యాన్ వెనక మబ్బులో కలిసిపోతుంది.

కిందికి... ఇంకా కిందికి...

రోడ్డు రెండుగా చీలే చోటు వస్తుంది. ఎడమపక్క పాత రోడ్డు. వాగు అవతలి గట్టునే కింద ఊరి మార్కెట్ దాకా వెళుతుంది. కుడిపక్కది రేవుకి. లారీ ఎర్ర లైట్లు కుడిపక్క తిరుగుతాయి.

"దాని వెనకాలే పోతే ఇక దొరకదు," అంటాడు ఒరెస్తె. "గట్టిగా పట్టుకో."

"ఏం చేస్తావ్?"

"జారుడు."

"బావా వద్దు! బావా..!"

వెనకటికి బండలు జార్చిన దారి అది. నలభై ఏళ్ళుగా దానిమీద గడ్డి తప్ప ఏమీ దిగలేదు. నిచ్చెన లాంటి ఏటవాలు. ఒరెస్తె బండి ముక్కు దానిలోకి తిప్పుతాడు.

బండి దిగడం లేదు. పడుతోంది!

రాళ్ళు అడుగున కొట్టుకుంటాయి. అద్దం పగులుతుంది. తాత్సియో బార్బరమ్మని, మరియమ్మని, చచ్చిపోయిన వాళ్ళ నాన్నని వరసగా పిలుస్తున్నాడు. ఒక గునపం ఎగిరి వాడి చెవి పక్కనుంచి పోతుంది.

ధడ్!

రోడ్డు.

వంతెన.

వంతెన మీదికి అప్పుడే లారీ లైట్లు తిరుగుతున్నాయి. ఒరెస్తె బండిని రోడ్డుకి అడ్డంగా ఆపి కిందికి దూకుతాడు. రెండు చేతులూ పైకెత్తి లారీకి ఎదురు నిలబడతాడు.

లారీ బ్రేకులు కీచుమంటాయి. టైర్ల వాసన. బంపర్ అతని బెల్టుకి జానెడు దూరంలో ఆగుతుంది.

"ఏం మనిషివయ్యా!" డ్రైవర్ తల బయటపెట్టి తిడతాడు. వాస్కో. కింద ఊరివాడు. పెద్దమనిషి. "చావాలనుంటే వాగుంది కదా! నా లారీయే దొరికిందా?"

"పెట్టె తెరవాలి."

"సీలు వేసిన పెట్టె. నా ఉద్యోగం పోతుంది."

ఒరెస్తె గునపం తీసుకుని అప్పటికే లారీ ఎక్కేశాడు. మూత కింద గునపం దూర్చి బరువంతా వేస్తాడు.

మేకులు కీచుమంటాయి. చెక్క విరుగుతుంది. గడ్డి... ఇంకా గడ్డి... రెండు చేతులతో తోడి బయట పడేస్తాడు.

తెల్లగా పాలరాయి కనపడుతుంది.

'అమ్మా...'

చెయ్యి పెడతాడు. భుజం లేదు. బురుజు లేదు. మొహం లేదు.

బండ!

వట్టి బండ. బార్బరమ్మంత బరువున్న పనికిరాని క్వారీ బండ!

పెట్టెలో అమ్మ లేదు. చర్చిలో అమ్మ లేదు.

"వాస్కో... ఈ పెట్టెలో ఏం పెట్టారో నువ్వు చూశావా?"

"నేనెందుకు చూస్తాను? నేను వచ్చేసరికే మూసి ఉంది. నా ఎదురుగా మేకులు మాత్రం కొట్టాడు."

"ఎవడు?"

వాస్కో వింతగా చూస్తాడు. చెయ్యెత్తి చూపిస్తాడు.

"ఇదిగో, ఇతనే కదా?"

వేలు తాత్సియో వైపు ఉంది.

*

ఒరెస్తె జేబులోంచి తన ఫోన్ తీస్తాడు. సిగ్నల్ లేదు. ఈ లోయలో ఎప్పుడూ ఉండదు. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతి. పోలీసులకి ఫోన్ చేశానని వాడు చెబితే, తలాడించి నమ్మేశాడు!

"తాత్సియో..."

"దిగు బావా. మెల్లగా దిగు."

తాత్సియో చేతిలో పిస్తోలు. వాళ్ళ నాన్నది. పాతది. కానీ పేలుతుంది.

వాస్కో 'ఓరి దేవుడోయ్' అంటూ లారీ కిందికి పాకేస్తాడు.

"ఎందుకురా?" ఒరెస్తె లారీ దిగుతాడు. "నా ఇంట్లో తిన్నావ్. మీ నాన్న పోయాక నిన్ను క్వారీలో పెట్టింది నేను. నా చేత్తో నీకు రంపం పట్టడం నేర్పాను. ఎందుకురా?"

"రంపం పట్టడం నేర్పావ్! గొప్ప!" తాత్సియో కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. "మా నాన్నకీ ఎవడో నేర్పాడు. రోజూ ఆవిడ కాలు తాకే వెళ్ళేవాడు. తాకీ తాకీ వేలు అరిగింది. ఏం చేసింది ఆవిడ? రాయి దొర్లుతుంటే నిలబడి చూసింది. జెనోవాలో పాత విగ్రహాలు కొనే ఒకాయన అడిగాడు. ఇస్తున్నాం. అంతే."

"ఇస్తున్నాం? ఎవరెవరు?"

తాత్సియో పెదవి కొరుక్కుంటాడు.

"కూర్చో బావా. ఒక్క పది నిమిషాలు కూర్చో. తర్వాత నువ్వెవరికి చెప్పుకున్నా నాకు పర్లేదు."

"నా మెడలోంచి తాళం ఎప్పుడు తీశావ్?"

"తాళం నేను తీయలేదు."

"మరి?"

"అడగొద్దు బావా. నీ మంచికే చెబుతున్నా. అడగొద్దు."

ఒరెస్తె అడగడు. వేరే మాట అతని బుర్రలో తిరుగుతోంది.

పది నిమిషాలు.

పది నిమిషాలు అంటే... అమ్మ ఇంకా కొండ దిగలేదు! ఎక్కడో, ఏదో బండిలో, ఈ మబ్బులోనే ఉంది!

"సరే," అంటాడు. మెల్లగా నడిచి తన బండి సీటు మీద కూలబడతాడు. తల వంచుకుంటాడు. చెయ్యి సీటు కిందికి పోతుంది.

చల్లగా, గరుకుగా వేళ్ళకి తగులుతుంది.

శంఖం.

ఒక కూత వేస్తే పండగ. రెండు వేస్తే రాయి పేలుస్తున్నారు, తప్పుకోండని. మూడు వేస్తే... మనిషి పోయాడని.

మూడు కూతలు విన్నాక కొండమీద చక్రం కదలదు. ఇంజన్ ఆపాలి. టోపీ తీయాలి. శంఖం వైపు నడవాలి. పదకొండేళ్ళ క్రితం ఇల్డా వాళ్ళ నాన్న మీద రాయి దొర్లిన రోజు అంతే జరిగింది. ఇల్డా వ్యాన్ నడిరోడ్డు మీద వదిలేసి నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చింది. పోయింది ఎవరో పేరు చెప్పగానే, ఒక్కొక్కడే వచ్చి పిడికెడు పాలరాతి పొడి శవం కాళ్ళ దగ్గర వేశారు.

ఎవరూ చావకుండా మూడు కూతలు వేసినవాడు మళ్ళీ కొండెక్కకూడదు. వాడికి పని లేదు, పలకరింపు లేదు, తాళం లేదు.

ఒరెస్తె శంఖం గుండెలకి హత్తుకుని మబ్బులోకి దూకుతాడు!

"బావా! ఆగు!"

ఢాం!

గుండు ఎక్కడో రాతికి తగిలి కీచుమంటుంది. ఒరెస్తె రాళ్ళగుట్ట ఎక్కుతున్నాడు. చేతులు చీరుకుపోతున్నాయి. మోకాలు రాతికి కొట్టుకుంటుంది. ఇంకొంచెం... ఇంకొంచెం పైకి...

పెద్ద బండ వెనక్కి దొర్లుతాడు. ఊపిరి లాగుతాడు.

ఊదుతాడు.

బూఁ.........

కొండ ఆ మోతని అందుకుంటుంది. అవతలి కొండ తిరిగి ఇస్తుంది.

"ఊదకు బావా! చేతులెత్తి మొక్కుతా, ఊదకు!"

ఢాం! శంఖం మోత నాలుగు పక్కలనుంచీ వస్తోంది. తాత్సియో కాల్చింది ఖాళీ మబ్బుని.

బూఁ.........

రొమ్ము పగిలిపోతోంది. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వస్తోంది.

బూఁ.........

మూడు.

అయిపోయింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

*

పైన రంపాలు ఆగుతాయి. ఒకటి... తర్వాత ఒకటి... డ్రిల్లు ఆగుతుంది. దూరంగా దిగుతున్న లారీలు దగ్గి ఆగిపోతాయి. వంతెన మీద వాస్కో లారీ కిందనుంచి పాక్కుంటూ వచ్చి, ఇంజన్ ఆపి, మళ్ళీ లారీ కిందికే పాక్కుంటూ వెళతాడు.

వాగు అవతల, పాత రోడ్డు మీద, ఒక చిన్న ఇంజన్ మాత్రం ఇంకా వినపడుతోంది.

అదీ ఆగుతుంది.

ఒరెస్తె గుట్ట దిగి వస్తాడు. తాత్సియో రోడ్డు మధ్యలో నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో పిస్తోలు. రెండో చేతిలో టోపీ. తీశానన్న సంగతి వాడికే తెలియదు.

మబ్బులోంచి మనుషులు వస్తున్నారు. తెల్ల దుమ్ము కొట్టుకుపోయిన మనుషులు. ఇరవై మంది... నలభై... పిస్తోలు చూసి ఒకడు మెల్లగా వెళ్ళి, పసిపిల్లాడి చేతిలో కత్తి తీసుకున్నట్టు, తాత్సియో చేతిలోంచి తీసేసుకుంటాడు. వాడు ఇచ్చేస్తాడు.

అందరికంటే ముందు అర్గాంతె. క్వారీ పెద్ద. డెబ్భయ్యేళ్ళవాడు. చర్చి లోపల ఏనాడూ మోకరించలేదు, కానీ బార్బరమ్మ పాదం తాకకుండా ఏనాడూ కొండెక్కలేదు.

"ఒరెస్తె. చచ్చింది ఎవరు?"

ఒరెస్తె నోరు తెరుస్తాడు.

"ఒరెస్తే..!"

వాగు మీది చెక్కబాట దడదడలాడుతుంది. ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. చెప్పుల్లేవు. జుట్టు ముడి ఊడిపోయింది.

ఇల్డా!

గుంపుని తోసుకుని వస్తుంది. ఒరెస్తెని చూస్తుంది. అరుపు గొంతులోనే ఆగిపోతుంది. వచ్చి అతని మీద పడిపోతుంది. మొహం తడుముతుంది, భుజాలు తడుముతుంది.

"బతికే ఉన్నావ్... నువ్వే పోయావనుకున్నా... తుపాకీ వినపడింది. వీడి దగ్గర నాన్న పిస్తోలు ఉంది కదా, నువ్వేననుకున్నా... కాళ్ళాడలేదు. అక్కడే ఆపేసి వచ్చేశా..."

ఒరెస్తె ఆమెని పట్టుకుంటాడు. ఆమె చెయ్యి అతని చెంప మీద ఉంది. ముక్కు పక్కనే.

రోజూ ఆ చేతికి రొట్టెల వాసన.

ఇవాళ... సబ్బు వాసన!

'తాళం నేను తీయలేదు బావా. అడగొద్దు బావా.'

మెడలో తాడు. రాత్రి పడుకున్నప్పుడు కూడా తీయని తాడు. రాత్రి అతని తల ఎవరి చేతి మీద ఉందో...

ఆమె చేతులు మెల్లగా విడిపించుకుంటాడు. నడుస్తాడు. చెక్కబాట దాటుతాడు. వెనక గుంపంతా నడుస్తుంది.

పాత రోడ్డు మీద రొట్టెల వ్యాన్. డోరు తెరిచే ఉంది. ఇంజన్ ఆపి ఉంది. ఇంకో ఐదు నిమిషాలు పోనిచ్చి ఉంటే మార్కెట్ రోడ్డు. అక్కడినుంచి హైవే. పోనివ్వలేదు. మూడు కూతలు విన్న క్వారీవాడి కూతురు చక్రం ఎలా తిప్పుతుంది?

ఒరెస్తె వెనక తలుపులు తీస్తాడు. ట్రేలు పక్కకి నెడతాడు. పిండి బస్తాలు. కింద దుప్పటి. దుప్పటి అంచున సబ్బు రాసిన చెక్కలు.

దుప్పటి తీయడు. దానిమీదనుంచే వేలి కణుపుతో కొడతాడు.

ధబ్.

నలభై మంది వింటారు. వెనక ఎవడో ముసలాడు వెక్కుతాడు.

"నా మెడలోంచి తీశావ్," అంటాడు ఒరెస్తె. ఆమె వైపు తిరగకుండానే.

"నిద్రలో తీశా." ఇల్డా తల దించదు. "మళ్ళీ నిద్రలోనే వేశా."

"పొద్దున చెప్పావ్. నేను నిద్రలో నవ్వుతున్నానని."

"నవ్వావు. అది నిజమే."

"ఇల్డా..."

"మా నాన్నని కాపాడని రాయి అది ఒరెస్తె! పదకొండేళ్ళుగా ప్రతి మధ్యాహ్నం శంఖం కోసం చెవి పెట్టుకుని బతికాను. ఎప్పుడు మోగుతుందా, ఎప్పుడు నీ పేరు చెబుతారా అని. ఇక్కణ్ణుంచి పోదామనుకున్నా. నిన్ను తీసుకునే పోదామనుకున్నా. అడిగితే వచ్చేవాడివా?"

"రాను."

"అందుకే అడగలేదు."

"రేపు పొద్దున ఊరంతా నన్ను రాళ్ళతో కొట్టేది. అప్పుడు?"

"రేపు పొద్దుటికి మనం ఇక్కడ ఉండేవాళ్ళం కాదు. నా దగ్గర రెండు టిక్కెట్లు ఉన్నాయి. చూడు, కావాలంటే చూడు..." జేబులో వెతుకుతుంది.

ఒరెస్తె చూడడు. వీళ్ళిద్దరి కోసమే కదా తను రోజూ కొండెక్కింది! దొంగ ఎవరైనా కావచ్చు అనుకున్నాడు, ఈ ఇద్దరు తప్ప.

అర్గాంతె దగ్గుతాడు. టోపీ ఇంకా చేతిలోనే ఉంది. మిగతావాళ్ళవి కూడా.

"అమ్మ దొరికింది. సంతోషం," అంటాడు. "కానీ శంఖం ఊదావ్ ఒరెస్తె. మూడు కూతలు. కొండంతా దిగి వచ్చింది. పేరు చెప్పాలి. పేరు లేకపోతే ఏమవుతుందో నీకు తెలుసు. రూలు నేను పెట్టింది కాదు."

"తెలుసు బాబాయ్."

"అమ్మని కాపాడటానికి ఊదానని చెప్పినా లాభం లేదు. తాళం తీసి ఇచ్చి దిగిపోవాలి."

"తెలుసు."

"అయితే చెప్పు. చచ్చింది ఎవరు?"

ఇల్డా అతని చెయ్యి పట్టుకుంటుంది. "లేదని చెప్పు. తాళం ఇచ్చెయ్. పోదాం. మనకి ఈ కొండ వద్దు ఒరెస్తె. పద, పోదాం."

ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. పధ్నాలుగేళ్ళుగా తెలిసిన చెయ్యి. ఒక్కమాట. 'ఎవరూ లేరు' అని ఒక్కమాట అంటే చాలు.

తాత్సియో గుంపు మధ్యలో తల వంచుకుని నిలబడ్డాడు. టోపీని రెండు చేతులతో నలుపుతున్నాడు.

ఒరెస్తె వాడి వైపు చూస్తాడు. ఆమె వైపు చూస్తాడు. చెయ్యి విడిపించుకుంటాడు.

"మా ఇంట్లో ఇద్దరు," అంటాడు.

"పేర్లు," అంటాడు అర్గాంతె. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"తాత్సియో. నా బావమరిది." ఊపిరి తీసుకుంటాడు. "ఇల్డా. నా భార్య."

"ఒరెస్తే!"

అర్గాంతె వంగుతాడు. ముసలి మోకాళ్ళు చప్పుడు చేస్తాయి. రోడ్డు పక్కన పేరుకున్న తెల్లపొడి పిడికెడు తీసుకుంటాడు. తాత్సియో ముందుకి వెళ్ళి వాడి బూట్ల మీద సగం వదులుతాడు. తిరిగి వస్తాడు. మిగతా సగం ఇల్డా పాదాల దగ్గర.

ఆమె మొహం వైపు చూడడు. పోయినవాళ్ళ మొహం చూడరు.

"ఏంటిది? బాబాయ్! నేను ఇక్కడే ఉన్నాను!"

రెండోవాడు వంగుతాడు. మూడోవాడు. నాలుగోవాడు. వాస్కో కూడా లారీ కిందనుంచి ఎప్పుడొచ్చాడో, వరసలో నిలబడి ఉన్నాడు.

"నేను బతికే ఉన్నాను! చూడండి... ఎవరైనా నా వైపు చూడండి! ఒరెస్తే, వీళ్ళకి చెప్పు!"

వట్టి పాదాల మీద తెల్లపొడి పడుతోంది. పడుతూనే ఉంది. పాదాలు కనపడటం లేదు. తాత్సియో రోడ్డు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు.

వరస కదులుతుంది. ముందున్నవాడు పక్కకి తప్పుకుంటాడు.

ఒరెస్తె వంతు.

ఇల్డా చేతులు చాస్తుంది. "నువ్వు వెయ్యవు," అంటుంది. "నువ్వు వెయ్యలేవు."

అతను వంగి, పిడికెడు పొడి తీసుకుని, ఆమె దగ్గరికి నడుస్తాడు.